నూట నలభై బోరింగుల టెండరు

ఆలూరు నుంచి ఏ దిక్కుకు పోయినా ఓ ఇరవై మైళ్ల లోపల ఉరుకుందమ్మ చెయ్యి తగలని బోరింగు లేదని జనం చెప్పుకుంటారు. చేతిపంపును ఆ పక్క బోరింగనే అంటారు. ఎంత కొట్టినా చుక్క రాలనప్పుడు "ఉరుకుందమ్మకు కబురు పెట్టండి" అన్నమాట ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లలో వినబడుతూనే ఉంది. కబురందిన మర్నాడే ఆమె దిగేది. చీర మీద మొగుడి పాత చొక్కా, కాళ్లకు మగవాళ్ల చెప్పులు, భుజాన స్పానర్ల సంచి. మనిషి బక్కపలచన. మణికట్లు మాత్రం ఇనుము.

ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకున్నాక పుట్టిందని తల్లి ఆ పేరు పెట్టింది. ఐదో తరగతి చదివింది. పదిహేడో ఏట నరసన్న పెళ్లాంగా ఆలూరు పక్కన కల్లుకుంట కొట్టాలకు వచ్చింది. రెండెకరాల చేను. వాన పడితే జొన్న, పడకపోతే కూలి. తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలం దాకా ఆమె కత అంతే.

ఆ ఎండాకాలం కొట్టాలలో ఉన్న ఒక్క బోరింగూ చెడిపోయింది. మెకానిక్కు ఆదోని నుంచి రావాలి. ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడంటూ ఉగాది పోయింది, మూడు నెలలు గడిచిపోయాయి. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలెత్తుకుని ఆలూరులో నీళ్ల పనులు చూసే ఆఫీసు ముందర కూర్చున్నారు. లోపలి నుంచి వచ్చిన ఆఫీసరు ఎవరో గానీ, తిట్టి పంపలేదు. ఆడవాళ్లకే బోరింగు పని నేర్పించే ఏర్పాటొకటి వచ్చిందని, మీలో ఎవరైనా వస్తారా అని అడిగాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉరుకుందమ్మ లేచి నిలబడింది. అత్తను అడగలేదు, మొగుణ్ని అడగలేదు.

నరసన్న రెండు దినాలు ఆమెతో మాట్లాడలేదు. మూడో దినం సంతలో మగవాళ్ల చెప్పులు ఒక జత కొనుక్కొచ్చి గుంజ దగ్గర పెట్టాడు. "స్పానరు పడితే కాలు చితుకుతాది, ఏసుకో" అన్నాడు. ఆయన పోయి ఇప్పటికి ఎనిమిదేళ్లు.

పని నేర్పినవాడు ఏసేపు. బోర్లు వేసే బండి మీద హెల్పరుగా మొదలుపెట్టి, చూసి చూసి మెకానిక్కు అయినవాడు. ఐదుగురు ఆడవాళ్లను వెంటేసుకుని ఆరు వారాలు ఊరూరా తిప్పాడు. పదడుగుల ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి లోపలికి దించి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే పైకి లాగాలి. పట్టు జారిందా, కింద ఉన్నవన్నీ బోరులో పడిపోతాయి, ఇక ఆ బోరు ఆశ వదులుకోవలసిందే. అందుకే పైపులు ఎత్తేటప్పుడు ఏసేపు ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. పని అయిపోయాక మాత్రం ఆయన నోటికి అడ్డే లేదు. అరిగిపోయిన తోలు వాషరు చేతిలో పెట్టుకుని, ఇది ఎన్ని బిందెలు పోసుంటుందో లెక్క కట్టమనేవాడు. పైపుకు చెవి ఆనించి నీళ్లెంత లోతున ఉన్నాయో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది ఉరుకుందమ్మ.

ఆ రోజుల్లో ఇంకో సంగతి ఉండేది. కొన్ని ఊళ్లలో ఏసేపు బాగు చేసిపోయిన బోరింగును, ఆయన ఊరు దాటకముందే, చింతపండు పెట్టి తోమి నీళ్లు పోసి కడిగేవాళ్లు. బూదిదిన్నెలో పెద్దింటి లక్ష్మీదేవమ్మ నిలబడి మరీ కడిగించేది. మొదటిసారి చూసినప్పుడు ఉరుకుందమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏసేపు మాత్రం వెనక్కి తిరిగి చూసి, బోరింగు బాగా పోస్తాండాది, కడిగేదానికి నీళ్లకేం కరువు లేదు అని నవ్వి సైకిలెక్కాడు. ఆ నవ్వులో ఏముందో ఆమెకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

తర్వాత ఆ ఆడవాళ్లు ఐదుగురూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఏసేపు పేరు సంఘంలో లేకపోయినా పనిలో ఉండేవాడు. ఏటా ఆఫీసు వాళ్లే పని రాసిచ్చేవారు. ఏ ఊళ్లో బాగు చేస్తే ఆ ఊరి పంచాయతీ వాళ్లు కాగితం మీద రాసి ముద్ర వేసిచ్చేవారు. ఆ కాగితాలన్నీ ఉరుకుందమ్మ ఇంట్లో ఒక రేకుపెట్టెలో దొంతరగా ఉండేవి. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని కొట్టం కారి తడిసిపోయాయి, మిగిలినవి మిగిలాయి.

రెండేళ్ల కిందట, కార్తీకమాసంలో, అదంతా మారిపోయింది. మూడు మండలాల బోరింగుల పని కలిపేసి ఒకటే టెండరు పెట్టారు. ఆన్‌లైన్లో వేసుకోవాలి. ముందు అనుభవం కాగితాలు చూస్తారు. అందులో నెగ్గినవాళ్ల రేట్లు మాత్రమే తెరిచి చూస్తారు. ఎవరు తక్కువకు వేస్తే పని వాళ్లది.

ఆలూరు బస్టాండు పక్కన శివకుమారి అని ఒకామె నెట్ సెంటరు నడుపుతోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. డిగ్రీ చదివి, పంటల బీమా దరఖాస్తులు, పింఛన్ల కాగితాలు చూసుకుంటూ ఆ ఊళ్లోనే నిలదొక్కుకున్న మనిషి. ఉరుకుందమ్మను అత్తా అని పిలుస్తుంది. సంఘం తరఫున టెండరు ఆమే వేసింది. రేకుపెట్టెలోని కాగితాలన్నీ ఒకటొకటిగా స్కానరు మీద పెట్టి ఎక్కించింది. అందుకు ఒక పూటంతా పట్టింది.

పది దినాలకు ఫలితం వచ్చింది. సంఘం కాగితాలు మొదటి మెట్టులోనే పోయాయి. అనుభవ ధ్రువపత్రం నిర్ణీత నమూనాలో లేదు, ఇంజనీరు సంతకం లేదు, కాబట్టి తిరస్కరించడమైనది అని ఒక్క వాక్యం. పని వేరే జిల్లాలో ఉండే గరుడాద్రి ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీకి ఇచ్చారు.

శివకుమారి ఆ వాక్యాన్ని చదివి వినిపించింది. ఉరుకుందమ్మ ఇంకోసారి చదవమంది. రెండోసారి విన్నాక, "అంటే నాకు పని రాదనా?" అని అడిగింది.

"పని రాదని కాదత్తా. వచ్చినట్టు కాగితం లేదని."

ఉరుకుందమ్మ లేచి వెళ్లిపోయేదే. శివకుమారి పోనివ్వలేదు. టెండరులో పాల్గొన్నవాళ్లు గెలిచినవాళ్ల కాగితాలు చూసుకోవచ్చు. ఆమె అవి దించి ప్రింటు తీసింది. గరుడాద్రి వాళ్ల అనుభవ పత్రం చక్కగా, నమూనా ప్రకారం, గుండ్రటి ముద్రతో ఉంది. మూడేళ్లలో వాళ్లు బాగు చేసిన నూట నలభై బోరింగుల జాబితా కూడా వెనక జతపరిచి ఉంది. ఊరి పేరు, బోరింగు ఉన్న చోటు, బాగు చేసిన తేదీ, అన్నీ ఉన్నాయి. అన్నీ ఆలూరు చుట్టుపక్కల ఊళ్లే.

ఉరుకుందమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. మొదట కోపంతోనే చదివింది. పదో పేరు దాటేసరికి గొంతు మారింది. అది బెళగల్లు మసీదు దగ్గరి బోరింగు. నాగలాపురం అత్తగారింటి నుంచి కాన్పుకు వచ్చిన పిల్ల, తొమ్మిదో నెల కడుపుతో వచ్చి స్పానరు అందించింది అక్కడే. ఆమెకు పుట్టిన బిడ్డకు గంగమ్మ అని పేరు పెట్టుకున్నారు. పద్దెనిమిదోది నాగరకట్ట వీధి బోరింగు. అక్కడే ఆమె మొట్టమొదటిసారి ఏసేపు లేకుండా ఒక్కతే పన్నెండు పైపులు లాగింది. ఒక ముసలామె సజ్జరొట్టె మీద ఎర్రకారం పెట్టి తెచ్చి, చేతులకు గ్రీజుంది కదా అని నోట్లో పెట్టి తినిపించింది. ముప్పై ఒకటోది గొర్లదొడ్డి కాడిది. ఆ ఊళ్లో నీళ్లు ఉప్పు. అయినా గొర్రెల కోసం బాగు చేయమని కురవవాళ్లు ఎడ్లబండి కట్టి మరీ తీసుకుపోయారు, ఉన్నికంబళి కప్పి పంపించారు.

శివకుమారి చేస్తున్న పని ఆపేసి వింటూ కూర్చుంది. సెంటరుకు వచ్చినవాళ్లు కూడా నిలబడిపోయారు.

నలభై నాలుగో పేరు దగ్గర ఉరుకుందమ్మ వేలు ఆగింది. బూదిదిన్నె, పెద్దింటి ముందర బోరింగు. బాగు చేసినది అప్పటికి రెండేళ్ల కిందటి ఆషాఢంలో అని రాసుంది.

"ఇది ల్యాదు" అంది ఆమె. "దీన్ని పీకేసి పదిహేనేండ్లయింది. నేనూ ఏసేపన్న కలిసే పీకినాం."

ఆ తర్వాత జాబితా చదవడం వేరుగా సాగింది. చింతమానుదిన్నె బడి బోరింగు మీద సిమెంటు రోడ్డు పోసేశారు. హొసూరు కొట్టాల బోరు గోడ కూలి పూడిపోయింది. ఇంకొన్ని ఉన్నాయి, బాగానే పోస్తున్నాయి, కానీ వాటికి వాషర్లు మార్చింది తానూ తన సంఘమూ. గరుడాద్రి పేరు ఏ ఊళ్లోనూ ఎవరూ విని ఉండరు.

టెండరు పత్రం డెబ్బై పేజీలు. శివకుమారి దాన్ని ముందు నుంచి వెనక్కి తిరగేసి, ముప్పై ఒకటో పేజీలో వెతుకుతున్నది పట్టుకుంది. పని ఎవరికి ఇచ్చిందీ ప్రకటించిన ఏడు దినాల లోపల, టెండరులో పాల్గొన్న ఎవరైనా సరే, కర్నూలులో ఉండే పెద్ద ఇంజనీరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పటికే రెండు దినాలు గడిచిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఉరుకుందమ్మ ఏసేపు ఇంటికి పోయింది. ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. మోకాళ్లు పోయాయి. పని మానుకుని నాలుగేళ్లయింది. జాబితా చేతికిస్తే ఆయనా ఒక్కో పేరు మీద ఆగాడు. ఇద్దరూ కాసేపు టెండరు సంగతే మరిచిపోయారు. తర్వాత ఏసేపు గోడకు తగిలించిన చొక్కా తొడుక్కుని, ఆటో మాట్లాడమన్నాడు. గుర్తుంది కదా అని రాసేస్తే చెల్లదు, కంటితో చూసి రావాలి, ఊళ్లో పెద్దమనిషి చేత రాయించుకోవాలి అన్నాడు.

నాలుగు దినాలు తిరిగారు. జొన్న కంకి వేసే కాలం అది. దారి పొడుగునా పచ్చగా ఉంది. ఒకప్పుడు ఈ దారులన్నీ ఇద్దరూ సైకిళ్ల మీద తొక్కినవే. వెనక క్యారియరుకు రెండు పైపులు కట్టుకుని ఎదురుగాలిలో తొక్కుతుంటే సైకిలు పక్కకు లాగేసేది. ఫలానా వంక దగ్గర చెప్పు తెగింది, ఫలానా చేలో రైతు పచ్చి కంకులు కాల్చి పెట్టాడు అని ఏసేపు ఆటోలో కూర్చుని చెబుతూనే ఉన్నాడు. ఆటో అతనికి కూడా ఆ కతలు నచ్చాయి, బండి నెమ్మదిగా పోనిచ్చాడు.

అన్ని ఊళ్లలోనూ ఉరుకుందమ్మను గుర్తుపట్టారు. కొన్నిచోట్ల పాత పంచాయతీ పుస్తకం తీసి పాత సంతకాలు చూపించారు. కొన్నిచోట్ల కొత్త కార్యదర్శి రాయడానికి భయపడ్డాడు. ఇంకొన్నిచోట్ల ఆమెకు బాగా తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. సజ్జరొట్టె తినిపించిన ముసలామె ఇల్లుండే చోట ఇప్పుడు సెల్ టవరు ఉంది. అక్కడ ఉరుకుందమ్మ టవరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఆటో ఎక్కింది.

మూడో దినం బూదిదిన్నె పోయారు. లక్ష్మీదేవమ్మకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ఇంటి ముందర బోరింగు ఉండిన చోట పగిలిన సిమెంటు గచ్చు మాత్రం మిగిలి ఉంది. ఎవరని అడిగింది. ఉరుకుందమ్మ తన పేరు చెప్పి, తోడు ఏసేపన్న వచ్చినాడని చెప్పింది. ఏసేపు గేటు బయటే నిలబడ్డాడు, పాత అలవాటు. లక్ష్మీదేవమ్మ లోపలికి రమ్మంది. ఆయన రాలేదు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచి, కుర్చీ వేయించింది.

విషయం చెప్పారు. ఈ బోరింగు పీకేసింది ఎప్పుడో గుర్తుంటే, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని ఉరుకుందమ్మ అడిగింది.

"గురుతు ల్యాకేం" అంది లక్ష్మీదేవమ్మ. "మా మనవడు పుట్టిన ఏడు. ఏసేపే పీకినాడు. నువ్వు పైపులు ఆ పక్క గోడకు ఆనిస్తావుంటివి. ఏసేపు పట్టుకున్న బోరింగును నేను కడిగించకుండా ఇడిసింది ఆ ఒక్క పొద్దే. కడిగేదానికి నీళ్లే ల్యాకపాయ."

ఆమె కళ్లు ఏసేపు కూర్చున్న దిక్కుకు తిరిగాయి.

"ఆ పొద్దంతా ఆలోచించినానప్పా. ఇన్నేండ్లు నువ్వు తెచ్చిన నీళ్లతోనే నిన్ను కడిగేస్తిని కదా అని. నీతో చెప్పల్లనుకుంటి. నువ్వు మళ్లా ఈ పక్క రాకపోతివి."

ఏసేపు తల వంచుకుని తన అరచేతులు చూసుకున్నాడు. బోరింగు ల్యాని ఊరికి నేనేం పని మీద వస్తానమ్మా అన్నాడు. కోపంగా అనలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు. లక్ష్మీదేవమ్మ కాగితం మీద సంవత్సరం వేసి, ఏసేపు పేరు కూడా రాసి సంతకం పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏసేపు ఒక్క కత కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఊరు చేరేసరికి ఉరుకుందమ్మ ఇంటి ముందర కారు ఉంది. గరుడాద్రి కంపెనీ మనిషి భూపేష్ వచ్చాడు. ముప్పై దాటిన వయసు, మర్యాద తెలిసిన పిల్లవాడు. సంఘంలో మిగతా ఆడవాళ్లను కూడా పిలిపించి కూర్చోబెట్టాడు. ఊళ్లలో తిరుగుతున్న సంగతి తనకు తెలిసిందని దాచకుండా చెప్పాడు. ఎట్లాగూ ఈ పని చేయాల్సింది మీరే, మాకు ఈ పక్క మనుషులు ఎవరున్నారు, కాగితం మా పేరు మీద ఉంటుంది, పని మీ చేతిలో ఉంటుంది, మీ కూలి ఏ నెలకు ఆ నెల ఇచ్చేస్తాం, అభ్యంతరం ఒక్కటీ వేయకండి అన్నాడు.

అందులో అబద్ధం ఏమీ లేదు. సంఘంలో ఇద్దరు, ఒప్పుకుందామక్కా, కర్నూలు చుట్టూ ఎవరు తిరుగుతారు అన్నారు. ఉరుకుందమ్మకు యాభై ఏడేళ్లు. ఇంకెన్నేళ్లు పైపులు ఎత్తగలదు? గెలిస్తే మాత్రం ఏం మిగులుతుంది? ఇవన్నీ ఆమెకూ తోచాయి. ఆమె భూపేష్‌ను ఒక్కటే అడిగింది. బూదిదిన్నె పెద్దింటి బోరింగు యాడుండాదో తెలుసా నాయనా అని. అతను ఫోను తీయబోయాడు.

"ఫోన్లో ఉండదు" అంది. "నా పని నీ కాగితం మీద ఉండాది. నా కాగితం మీద మాత్రం నాకు పనే రాదని ఉండాది. నువ్విచ్చే కూలికి నేను వస్తే, ఈ రెండూ నిజమైపోతాయి. నేను రాలేనప్పా."

అతను లేచాడు. పోయేముందు, మా నాయన కూడా బోరుబండి మీదే పని చేసినాడు పెద్దమ్మా అన్నాడు. అలాగైతే ఇది పద్ధతేనా అని ఆయన్ను అడిగి చూడు అంది ఉరుకుందమ్మ. ఆ మాట తర్వాత అతని మొహం చిన్నబోయింది.

గడువుకు ఒక దినం ముందే శివకుమారి అభ్యంతర పత్రం తయారు చేసింది. నూట నలభైలో ఇరవై మూడింటి గురించే రాసింది. కళ్లతో చూసి, సాక్ష్యం దొరికినవి అన్నే. మిగతా వాటి మీద అనుమానముంది, విచారించండి అని ఒక వాక్యం. సంఘం కాగితాలను తోసిపుచ్చడం అన్యాయమని ఇంకో పేరా. ఆన్‌లైన్లో పంపించి, అది చాలదని తనూ ఉరుకుందమ్మా బస్సెక్కి కర్నూలు పోయి చేత్తో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నారు.

పక్షం దినాలకు విచారణకు పిలిచారు. పెద్ద ఇంజనీరు గదిలో ఒక వైపు భూపేష్, అతని పక్కన కోటు వేసుకున్న వకీలు. ఇంకో వైపు ఉరుకుందమ్మ, శివకుమారి. ఏసేపు బయట బల్ల మీద కూర్చున్నాడు. ఉరుకుందమ్మ ఆ దినం మొగుడి చొక్కా వేసుకోలేదు, మంచి చీర కట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడింది.

వకీలు ముందుగా, టెండరు మొదటి మెట్టులోనే పోయినవాళ్లకు మాట్లాడే హక్కు లేదన్నాడు. శివకుమారి ముప్పై ఒకటో పేజీ తెరిచి ముందుకు జరిపింది. పాల్గొన్న ఎవరైనా అని ఉంది, గెలిచిన అని లేదు. పెద్ద ఇంజనీరు చదివి తలూపాడు. జాబితాలో పొరపాట్లు టైపు చేసేటప్పుడు వచ్చి ఉంటాయని, ఊళ్ల పేర్లు తారుమారై ఉంటాయని వకీలు చెప్పాడు. పెద్ద ఇంజనీరు ఉరుకుందమ్మ వైపు తిరిగి, ఇవన్నీ ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా, గుర్తు మీద చెబుతున్నారా అని అడిగాడు.

"గురుతు మీదనే సార్" అంది ఆమె. "నా మాట నమ్మొద్దు. ఒక మనిషిని పంపండి. బోరింగు ఉంటే కనపడతాది, ల్యాకుంటే ల్యాదు."

ఆయన వేరే డివిజను నుంచి ఇద్దరు ఇంజనీర్లను పంపుతానని, అంతవరకు పని మొదలుపెట్టకూడదని చెప్పి విచారణ ముగించాడు. ఆ ఇద్దరూ మూడు వారాలు తిరిగారు. ఉరుకుందమ్మను వెంట రావద్దన్నారు. ఆ మూడు వారాలూ ఆమె ఇంట్లో ఉండలేక, పిలవకపోయినా పోయి రెండు ఊళ్లలో వాషర్లు మార్చి వచ్చింది.

ఆర్డరు వచ్చిన దినం శివకుమారి చదివింది. జాబితాలో నలభై ఒక్క బోరింగులు అసలు లేవు. ఉన్నవాటిలో చాలావాటికి గరుడాద్రి వాళ్లు బాగు చేసిన ఆనవాలు లేదు. ఆ పత్రం తప్పుడుది. పని ఇచ్చిన నిర్ణయం రద్దు. కంపెనీ మూడేళ్లు ఏ టెండరూ వేయకూడదు. ఉరుకుందమ్మ కళ్లు తుడుచుకుంది. శివకుమారి ఇంకో పేజీ ఉందత్తా అంది. సంఘం కాగితాలు నమూనాలో లేనందువల్ల తిరస్కరించడం నిబంధన ప్రకారం సరైనదే, ఆ మేరకు అభ్యంతరం కొట్టివేయడమైనది.

గెలిచినట్టా, ఓడినట్టా తేల్చుకోలేక ఉరుకుందమ్మ ఆ సాయంత్రం ఏసేపు ఇంటికి పోయి కూర్చుంది. ఆయనకు ఆర్డరంతా చెప్పింది. రేకుపెట్టెలో కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేద్దామనిపిస్తోంది అన్నా అంది. ఏసేపు ఆలోచించి, పొయ్యిలో పెట్టేది యాడికి పోతాది, ముందు ఆ కాగితాలు ఎత్తుకుని ఇంజనీరు కాడికి పో, సంతకం అడుగు, ఆయన పెట్టకపోతే అప్పుడు పెడుదువు అన్నాడు.

ఆ సలహానే పనికొచ్చింది. మళ్లీ పిలిచిన టెండరులో మూడు మండలాలనూ విడదీశారు. పంచాయతీ కాగితాల మీద ఇంజనీరు చూసి సంతకం చేస్తే చాలునని కొత్తగా రాశారు. ఆలూరు ఆఫీసులో ఉన్న ఇంజనీరు కుర్రవాడు, ఉరుకుందమ్మ పని మొదలుపెట్టిన ఏడుకు ఇంకా పుట్టలేదు. దొంతర అంతా ముందు పెట్టుకుని రెండు దినాలు పాత రిజిస్టర్లతో సరిచూసుకుని, అరవై రెండు కాగితాల మీద సంతకాలు చేశాడు. ఆలూరు మండలం పని సంఘానికి వచ్చింది. మిగతా రెండు మండలాలు పత్తికొండ పక్కన ఉండే ఇంకో కాంట్రాక్టరుకు పోయాయి. అతను నిజంగా పని తెలిసినవాడేనని ఏసేపు విచారించి చెప్పాడు. ఉరుకుందమ్మకు ఆ మాట చాలా ఊరటనిచ్చింది.

పని ఇప్పుడు మునుపటంత లేదు. ఊళ్లలో ఇంటింటికీ కొళాయిలు వచ్చాయి. బోరింగు చెడిపోయినా నెల దాకా ఎవరూ కబురు పెట్టరు. పైపులు ఎత్తుతుంటే చూడటానికి కూడా మనుషులు రారు. నీళ్లు ఇంట్లోకే వస్తే అంతకన్నా ఏం కావాల అంటుంది ఉరుకుందమ్మ. బిందె నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు నడిచిన మనిషి ఆమె. ఆ మాట మనసారా అంటుంది. అయినా పని ముగించుకుని స్పానర్లు తుడుచుకుంటున్నప్పుడు చుట్టూ ఖాళీగా ఉంటే, ఏదో వెలితిగా ఉంటుందని శివకుమారితో ఒకసారి చెప్పుకుంది.

పోయిన ఎండాకాలం నాగరకట్టకు పోయే పెద్ద పైపు పగిలి, పది దినాలు కొళాయిలు ఆగిపోయాయి. వీధి బోరింగు చైను తెగి ఉంది. ఉరుకుందమ్మ సంఘం వాళ్లతో పోయి మధ్యాహ్నానికల్లా బాగు చేసింది. మొదటి ధార పడేసరికే వీధిలో బిందెలు వరస కట్టాయి. ముందెవరు, వెనకెవరు అని ఇద్దరు పడుచు కోడళ్లు గొడవకు దిగారు. నా బిందె ముందు పెట్టినా అని ఒకతె, పెట్టి ఇంటికి పోతే వరస యాడుంటాది అని ఇంకొకతె. సంఘంలో ఒకామె సర్ది చెప్పబోతే ఉరుకుందమ్మ చెయ్యి పట్టి ఆపింది. అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఆ పోట్లాట ముగిసేదాకా వింటూ ఉండిపోయింది.